ప్లిమత్ కౌంటీ: తొలి వలసదారులు, పాత కట్టడాలు – తరచుగా అడిగే ప్రశ్నలు

బోస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగు ఇళ్లలో వేసవి వచ్చిందంటే అమ్మానాన్నలో, అత్తమామలో ఇండియా నుంచి దిగుతారు. వాళ్లను తిప్పే చోట్లలో ప్లిమత్ తప్పక ఉంటుంది. ఎన్నోసార్లు తీసుకెళ్లాను, వెళ్లినప్పుడల్లా అవే సందేహాలు. కొన్ని కారులో అడుగుతారు, కొన్ని వలసదారులు మొదట కాలు పెట్టారని చెప్పే ఆ రాయి ముందు నిలబడి అడుగుతారు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న నుంచైనా మొదలుపెట్టవచ్చు.

## బయలుదేరే ముందు

ప్లిమత్ అంటే ఊరా, కౌంటీయా, కాలనీయా?

మూడూను. 1620లో ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు పెట్టుకున్న స్థావరం ప్లిమత్ కాలనీ. అది పెరిగాక 1685లో దాన్ని మూడు కౌంటీలు చేశారు. వాటిలో ఒకటి ప్లిమత్ కౌంటీ. కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా అనుకోండి. 1691 నాటి రాజశాసనంతో కాలనీ మొత్తం మసాచుసెట్స్‌లో కలిసిపోయింది, కౌంటీ మాత్రం నిలిచింది. ప్లిమత్ ఊరు ఆ కౌంటీలో ఉంది. ఇంగ్లండులోనూ ఒక ప్లిమత్ రేవు ఉంది, వాళ్ల ఓడ మేఫ్లవర్ చివరిసారిగా బయలుదేరింది అక్కడి నుంచే. గూగుల్‌లో వెతికేటప్పుడు పక్కన మసాచుసెట్స్ అని చేర్చకపోతే అట్లాంటిక్ అవతలికి దారి చూపిస్తుంది.

బోస్టన్ నుంచి ఒక్కరోజులో చూసి రావచ్చా?

రావచ్చు. బోస్టన్‌కు దక్షిణంగా సుమారు 40 మైళ్లు, ట్రాఫిక్ లేకపోతే కారులో గంట. రాయి, ఓడ, కోల్స్ హిల్, పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియం నడిచే దూరంలోనే ఉంటాయి. నాటి పల్లెను తిరిగి కట్టిన మ్యూజియానికి మళ్లీ కారెక్కాలి, దానికి సగం రోజైనా పెట్టుకోండి. చలికాలంలో ఓడ, పల్లె మూసి ఉంటాయి కాబట్టి తేదీలు ముందే చూసుకోండి. రేవు దగ్గర భోజనమంటే చేపలు, ఎండ్రకాయలే ఎక్కువ. శాకాహారులు వెంట ఉంటే పులిహోర డబ్బా కట్టుకుని వెళ్లడం ఉత్తమం. సముద్రపు గాలికి జూన్‌లో కూడా పెద్దవాళ్లకు శాలువా కావాల్సి వస్తుంది.

వాళ్లు మొదట దిగింది ప్రావిన్స్‌టౌన్‌లో అంటారు, మరి ప్లిమత్‌కు ఎందుకు వెళ్లాలి?

అన్నది నిజమే. ఓడ మొదట లంగరు వేసింది కేప్ కాడ్ కొసన ఉన్న ప్రావిన్స్‌టౌన్ రేవులో. 1910లో పూర్తయిన 252 అడుగుల స్మారక రాతి గోపురం అక్కడే ఉంది. అది బార్న్‌స్టబుల్ కౌంటీ. ఆ ఇసుక నేలలో మంచినీళ్లు, సాగుభూమి సరిపోవని ఐదారు వారాలు తీరం వెంట వెతికి, చివరికి ప్లిమత్‌లో ఇళ్లు కట్టుకున్నారు. ఆ వెతుకులాటలోనే స్థానికులు బుట్టల్లో పోసి నేలలో పాతిపెట్టుకున్న మొక్కజొన్న గింజలను తవ్వి తీసుకెళ్లారు. తర్వాత ఖరీదు కట్టి ఇచ్చామని వాళ్లే రాసుకున్నారు. మరుసటి ఏడాది వాళ్ల చేలో మొలిచినవి ఆ గింజలే.

## ఓడలో వచ్చినవాళ్ల గురించి

పిల్‌గ్రిమ్‌లు, ప్యూరిటన్లు ఒకటేనా?

దగ్గరివాళ్లే, కానీ ఒకటి కాదు. ఇంగ్లండు చర్చిలో ఉంటూనే దాన్ని శుద్ధి చేయాలన్నవాళ్లు ప్యూరిటన్లు. 1630లో బోస్టన్‌ను స్థాపించింది వాళ్లు. ఆ చర్చితో తెగతెంపులు చేసుకోవాల్సిందే అన్నవాళ్లు ప్లిమత్ జనం, అంటే పిల్‌గ్రిమ్‌లు. అప్పట్లో అది నేరం కాబట్టి 1608 ప్రాంతంలో హాలండుకు పారిపోయి, లైడెన్ నగరంలో పదేళ్లకు పైగా నేతపనులు చేసుకుంటూ గడిపారు. పిల్లలు డచ్చివాళ్లయిపోతున్నారన్న బెంగ కూడా వాళ్లను అమెరికా దారి పట్టించింది. ఈ మాట చెప్పినప్పుడు కారులో వెనక సీటు నుంచి ఒక నిట్టూర్పు తప్పకుండా వినిపిస్తుంది.

అయితే ఓడలో ఉన్నవాళ్లంతా ఈ మతం వాళ్లు కారు. సుమారు సగం మంది బతుకుతెరువు కోసం వచ్చిన మామూలు జనం, పనివాళ్లు.

ఓడలో ఎంతమంది వచ్చారు? ఎన్ని రోజులు పట్టింది?

ప్రయాణికులు 102 మంది, నావికులు వేరు. ఇంగ్లండులోని ప్లిమత్ నుంచి 66 రోజుల ప్రయాణం. నిజానికి రెండు ఓడలు బయలుదేరాలి. రెండోదైన స్పీడ్‌వెల్ పదే పదే నీళ్లు కారడంతో దాన్ని వదిలేసి అందరూ మేఫ్లవర్‌లోనే సర్దుకున్నారు. దారిలో ఒక బిడ్డ పుట్టాడు, వాడికి ఓషియానస్ అని పేరు పెట్టారు.

నాకు నచ్చే కథ జాన్ హౌలాండ్‌ది. తుఫానులో పైకి వచ్చిన ఈ పాలేరు కుర్రాడు అల తాకిడికి సముద్రంలో పడ్డాడు. నీళ్లలో వేలాడుతున్న తెరచాప తాడు చేతికి చిక్కింది. నీటి అడుగుకు పోతున్నా దాన్ని వదల్లేదు, పైవాళ్లు కొక్కెంతో లాగారు. తర్వాత అదే ఓడలో వచ్చిన ఎలిజబెత్ టిల్లీని పెళ్లాడి పదిమంది పిల్లలను కన్నాడు. అధ్యక్షులు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, ఇద్దరు బుష్‌లు ఆ వంశం వాళ్లే.

మేఫ్లవర్ ఒప్పందం అంటే ఏమిటి? అది రాజ్యాంగమా?

రాజ్యాంగం అనేంత పెద్దది కాదు, ఒక్క పేజీ. వాళ్లకు అనుమతి ఉన్నది దక్షిణాన హడ్సన్ నది ప్రాంతంలో. కేప్ కాడ్ దగ్గర ఇసుక మేటలు, అలలు అడ్డుపడటంతో వెనక్కి తిరిగారు. అనుమతి లేని నేల మీద ఎవరి మాటా చెల్లదని కొందరు గొణగడం మొదలుపెట్టారు. చీలిక రాకుండా, అందరం కలిసి చట్టాలు చేసుకుని వాటికి కట్టుబడతామని 41 మంది మగవాళ్లు ఓడలోనే సంతకాలు చేశారు. ఆడవాళ్లను ఎవరూ అడగలేదు.

దిగిన తేదీ డిసెంబరు 11 అని ఒకచోట, 21 అని ఒకచోట, 22 అని ఇంకోచోట ఉంది. ఏది సరైనది?

రెండు పంచాంగాలు రెండు రోజులు పండగ చెప్పడం మనకు కొత్త కాదు, ఇదీ అలాంటిదే. అప్పటి ఇంగ్లండు పాత జూలియన్ క్యాలెండరు వాడేది, దాని ప్రకారం డిసెంబరు 11. ఇప్పుడు మనం వాడే లెక్కకు 10 రోజులు కలపాలి కాబట్టి 21. 1769లో ఊళ్లో ఒక క్లబ్బు ఈ రోజును జరపడం మొదలుపెట్టినప్పుడు పొరపాటున 11 రోజులు కలిపి 22 చేసింది. ఆ క్లబ్బు ఇప్పటికీ 22నే జరుపుతుంది. ఆ రోజు దిగింది కూడా చోటు వెతికే చిన్న జట్టే. ఓడ ప్లిమత్ రేవుకు వచ్చింది మరో ఐదు రోజులకు.

## అప్పటికే అక్కడ ఉన్నవాళ్ల గురించి

వాళ్లు వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరా? ఖాళీ నేలేనా?

ఖాళీ అయిన నేల. అక్కడ పటక్సెట్ అనే ఊరుండేది, వాంపనోగ్ జనానిది. 1616 నుంచి 1619 మధ్య, యూరప్ ఓడలు వచ్చిపోతున్న ఆ తీరమంతా మహమ్మారి పాకి ఆ ఊరిని తుడిచిపెట్టింది. పూడ్చడానికి మనిషి మిగలక ఎముకలు నేల మీదే ఉండిపోయాయని తర్వాత వచ్చిన ఇంగ్లిష్‌వాళ్లు రాశారు. చెట్లు కొట్టి, చదును చేసి, తరతరాలుగా దున్నుకున్న పొలాలు, పక్కనే తియ్యని నీళ్ల వాగు. కొత్తవాళ్లకు ఆ చోటు నచ్చడంలో ఆశ్చర్యం లేదు. నన్నడిగితే ప్లిమత్‌లో ముందుగా తెలుసుకోవాల్సింది రాయి గురించి కాదు, ఈ ఊరి గురించి.

స్క్వాంటోకు ఇంగ్లిష్ ఎలా వచ్చింది?

అసలు పేరు టిస్క్వాంటం, పటక్సెట్ వాడే. 1614లో థామస్ హంట్ అనే ఓడ కెప్టెన్ అతన్ని మరికొందరితో పాటు ఎత్తుకెళ్లి స్పెయిన్‌లోని మలగాలో బానిసగా అమ్మబోయాడు. ఎలాగో తప్పించుకుని లండన్ చేరాడు, అక్కడ భాష నేర్చాడు. 1619లో ఒక ఓడలో తిరిగి వస్తే ఊరే లేదు. తన ఊరి పొలాల్లో ఇళ్లు కట్టుకున్న పరాయివాళ్లకు తనే దుబాసీ అయ్యాడు, చేపను ఎరువుగా పెట్టి మొక్కజొన్న వేయడం నేర్పాడు. 1622 చివర్లో జ్వరంతో పోయాడు.

అయితే వలసదారులను ఇంగ్లిష్‌లో పలకరించిన మొదటివాడు అతను కాదు. 1621 మార్చిలో ఒంటరిగా నడుచుకుంటూ ఊళ్లోకి వచ్చి, స్వాగతం చెప్పి, బీరు ఉందా అని అడిగిన సమోసెట్. అతను ఉత్తరాది తీరం వాడు, చేపల ఓడల వాళ్ల దగ్గర నాలుగు మాటలు పట్టాడు.

‘రెడ్ ఇండియన్లు’ అనవచ్చా?

అనకండి. మన పాఠ్యపుస్తకాల్లో ఆ మాట చదువుకున్నాం కాబట్టి నోటికి వచ్చేస్తుంది, కానీ ఇక్కడ అది అవమానం. వాంపనోగ్ అనండి, లేదా నేటివ్ అమెరికన్లు అనండి. వాళ్లలో కొందరు తమను తాము ఇండియన్లనే చెప్పుకుంటారు, అది వాళ్ల ఇష్టం. మా బంధువుల్లో ఒక పెద్దాయన “మేమూ ఇండియన్లమే” అని ఒకావిడతో అంటే ఆవిడ నవ్వేసింది. నవ్వును బట్టి చూస్తే ఆవిడ ఆ మాట వినడం అది వందోసారి.

థాంక్స్‌గివింగ్ పండగకు మూలమంటారే, ఆ 1621 విందులో నిజంగా టర్కీ కోడి తిన్నారా?

తిని ఉండవచ్చు. ఆ విందు గురించి ఉన్న ముఖ్యమైన సాక్ష్యం ఓడలో వచ్చిన ఎడ్వర్డ్ విన్‌స్లో రాసిన ఒక ఉత్తరంలోని కొద్ది వాక్యాలు. వేటాడిన పక్షులు తెచ్చారు, ఉసమెక్విన్ అనే వాంపనోగ్ నాయకుడు 90 మంది మగవాళ్లతో వచ్చాడు, వాళ్లు ఐదు జింకలు తెచ్చారు, మూడు రోజులు సాగింది. ఇంతే. బంగాళదుంప, తియ్యటి క్రాన్‌బెర్రీ, గుమ్మడి పై ఆ బల్ల మీద లేవు. ఆతిథ్యం ఇచ్చినవాళ్లు 50 మంది పైచిలుకు మాత్రమే. ఓడలో వచ్చిన 18 మంది పెళ్లయిన స్త్రీలలో అప్పటికి బతికి ఉన్నది నలుగురు. దాదాపు నూట నలభై మందికి వంట చేయించింది ఆ నలుగురే అయి ఉంటారు.

ఆ ఉత్తరంలో ‘థాంక్స్‌గివింగ్’ అన్న మాటే లేదు. దేశమంతా జరుపుకునే పండగగా దాన్ని ఏటేటా నిలిపింది 1863లో లింకన్ చేసిన ప్రకటన.

అంత స్నేహంగా ఉంటే తర్వాత యుద్ధం ఎందుకు వచ్చింది?

భూమి. ఉసమెక్విన్‌కు మసాసాయిట్ అన్నది బిరుదు, పేరుగానూ స్థిరపడింది. 1621లో అతను చేసుకున్న సంధి అతను బతికున్నంత కాలం దాదాపు నిలిచింది. ఈలోగా ఇంగ్లిష్ ఊళ్లు పదులకొద్దీ లేచాయి, వాళ్ల పశువులు వీళ్ల పంటలు మేశాయి, అప్పుల కింద నేల చేతులు మారింది. అతని కొడుకు మెటాకమ్ 1675లో తిరగబడ్డాడు. ఇంగ్లిష్‌వాళ్లు అతన్ని కింగ్ ఫిలిప్ అనేవారు. 1676 ఆగస్టులో అతన్ని చంపి, తలను ప్లిమత్‌లో గుంజకు గుచ్చి నిలబెట్టారు. అది 20 ఏళ్లకు పైగా అక్కడే ఉంది. తొమ్మిదేళ్ల కొడుకును బానిసగా అమ్మేశారు. వాళ్ల తాతలు విందు చేసుకున్న ఊరే ఇది.

వాంపనోగ్ జనం ఇప్పుడు ఉన్నారా?

ఉన్నారు. కేప్ కాడ్‌లో మాష్‌పీ, మార్తాస్ విన్‌యార్డ్ దీవిలో అక్విన్నా తెగలకు కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉంది. ప్లిమత్ ప్రాంతంలో హెరింగ్ పాండ్ తెగ వాళ్లు ఉన్నారు. మాట్లాడేవాళ్లు లేక వందేళ్లకు పైగా మూగబోయిన వాళ్ల భాషను జెస్సీ లిటిల్ డో బెయిర్డ్ అనే ఆవిడ 1990ల నుంచి తిరిగి నిలబెట్టారు. 1663లో ఆ భాషలో అచ్చయిన బైబిలు, పాత దస్తావేజులు ఆవిడకు ఆధారమయ్యాయి. ఆవిడ కూతురు ఆ భాషను పుట్టుకతో నేర్చింది.

థాంక్స్‌గివింగ్ రోజున ప్లిమత్ వెళితే కోల్స్ హిల్ మీద వాళ్ల సంతాప సభ కనిపిస్తుంది. 1970 నుంచి ఏటా జరుగుతోంది.

## ఊళ్లో దిగాక

ఆ రాయి నిజమైనదేనా? ఇంత చిన్నగా ఉందేమిటి?

మా అత్తగారు కటకటాల మీదుగా కిందికి చూసి, “ఇంత దూరం తీసుకొచ్చింది దీనికోసమా?” అన్నారు. నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు.

స్తంభాల మండపం కింద, ఇసుకలో, ఒక మనిషి చేతులు చాచి కావలించుకోదగ్గ బూడిదరంగు గ్రానైటు బండ. మీద 1620 అని చెక్కి ఉంటుంది. దాన్ని అడ్డంగా చీల్చుతూ సిమెంటు అతుకు గీత. పోటు వచ్చినప్పుడు నీళ్లు లోపలికి వస్తాయి. అక్కడ దిగామని వలసదారులు ఎవరూ రాయలేదు. కాలనీ గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ ఎన్నో ఏళ్లు కూర్చుని రాసిన చరిత్రలో రాయి మాటే లేదు. దిగిన 121 ఏళ్లకు, 1741లో, ఆ చోట రేవు కట్టబోతుంటే థామస్ ఫాన్స్ అనే తొంభై దాటిన పెద్దాయన కుర్చీలో మోయించుకుని వచ్చి, ‘మా పెద్దవాళ్లు కాలు పెట్టింది దీని మీదే’ అని కన్నీళ్లు పెట్టుకున్నాడట. ఆధారం ఆ ఒక్క మాటే.

ఆ తర్వాత రాయి పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. 1774లో ఎడ్లు కట్టి లాగితే రెండుగా చీలింది, పైసగాన్ని ఊరి నడుమకు తీసుకెళ్లారు. 1834లో అక్కడి నుంచి పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియానికి తెస్తుంటే బండి మీద నుంచి పడి మళ్లీ పగిలింది. 1880లో కింది సగంతో కలిపి అతికారు, అప్పుడే తేదీ చెక్కారు. ఈ మధ్యలో జ్ఞాపకంగా ఉంటుందని సుత్తి పట్టుకుని పెచ్చులు తీసుకుపోయినవాళ్లకు లెక్కలేదు. ఇప్పుడు కనిపించేది మిగిలిన ముక్క.

రేవులో ఉన్నది అసలు మేఫ్లవర్ ఓడేనా?

కాదు. అసలుది 1621 ఏప్రిల్‌లో వెనక్కి వెళ్లిపోయింది, కెప్టెన్ క్రిస్టఫర్ జోన్స్ మరుసటి ఏడాది చనిపోయాడు, 1624 నాటికి ఓడ శిథిలమైంది. ఇప్పుడున్నది ఇంగ్లండులో పాత పద్ధతిలో కట్టి 1957లో తెరచాపలతోనే అట్లాంటిక్ దాటించిన రెండో మేఫ్లవర్. లోపలికి దిగి, 102 మంది రెండు నెలలు పైగా గడిపిన మధ్య అంతస్తులో నిలబడండి. ఆ చోటు చూస్తే ఎవరికీ ఇంకేమీ చెప్పాల్సిన పని లేదు. పొడుగువాళ్లు తల జాగ్రత్త.

పల్లె మ్యూజియంలో మనుషులు విచిత్రంగా మాట్లాడతారట, ఎందుకు?

అది 1947లో మొదలైన మ్యూజియం. 2020 నుంచి పేరు ప్లిమత్ పటక్సెట్. ఇంగ్లిష్ పల్లెలో గడ్డి కప్పిన ఇళ్లు, పొయ్యిలు, మేకలు ఉంటాయి. అక్కడివాళ్లు 17వ శతాబ్దపు మనుషుల వేషంలో, ఆ యాసలోనే మాట్లాడతారు. సెల్‌ఫోను గురించి అడిగితే తెల్లమొహం వేస్తారు. పంట, రోగం, పెళ్లి గురించి అడగండి, అరగంట చెబుతారు. పక్కనే పటక్సెట్ నివాసంలో ఉన్నవాళ్లు మాత్రం వేషధారులు కారు. నేటివ్ అమెరికన్లు, నేటి మనుషులుగానే మాట్లాడతారు.

అక్కడి చేలో మట్టి కుప్పల మీద మొక్కజొన్న, దాన్ని అల్లుకుని చిక్కుడు, మొదలు దగ్గర గుమ్మడి తీగ కలిపి వేస్తారు. జీవితమంతా వ్యవసాయం చేసిన మా మామగారు వంగి ఆకు తిప్పి చూసి, “మన అంతరపంటే” అని కదలకుండా నిలబడిపోయారు. ఆయన్ను అక్కడి నుంచి తీసుకురావడం కష్టమైంది.

నకళ్లు కాకుండా ఆ కాలపు అసలు వస్తువులు ఎక్కడ ఉన్నాయి?

పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియంలో. 1824లో కట్టింది. బ్రాడ్‌ఫర్డ్ బైబిలు, మైల్స్ స్టాండిష్ కత్తి, ఓడ రేవులో ఉండగా పుట్టిన పెరెగ్రిన్ వైట్‌ను ఊపారని చెప్పే అల్లిక ఊయల ఉన్నాయి. ఇళ్లలో 1640 నాటి స్పారో ఇల్లు, 1667 నాటి జాబెజ్ హౌలాండ్ ఇల్లు చూడండి. ఓడలో వచ్చినవాళ్లు అడుగుపెట్టి మెలిగిన ఇల్లు ఊళ్లో ఇంకా నిలిచి ఉన్నది ఈ రెండోదే.

కోల్స్ హిల్, బరియల్ హిల్ ఒకటేనా?

కాదు. రాయికి ఎదురుగా మెట్లెక్కితే కోల్స్ హిల్. మొదటి చలికాలంలో పోయిన సగం మందిని పూడ్చింది అక్కడ. బలహీనపడ్డామని బయటివాళ్లకు తెలియకుండా రాత్రిళ్లు పూడ్చి నేల చదును చేశారని చెప్పుకుంటారు. ఉసమెక్విన్ కంచు విగ్రహం కూడా అక్కడే ఉంది. బరియల్ హిల్ ఊరి వెనక ఎత్తు, తొలి కోట కట్టిన చోటు, తర్వాత శ్మశానం.

## కౌంటీలో మిగతా తీరం

లింకన్‌కు ఈ కౌంటీతో ఏమిటి సంబంధం?

ఆయన పూర్వీకుడు సామ్యూల్ లింకన్ 1637లో ఇంగ్లండు నుంచి వచ్చి ఇప్పుడు ఈ కౌంటీలో ఉన్న హింగంలో స్థిరపడ్డాడు. ఆ ఊళ్లోనే 1681 నాటి ఓల్డ్ షిప్ చర్చి ఉంది. లోపల తల ఎత్తి చూస్తే ఓడను బోర్లించినట్టుండే దూలాలు. 17వ శతాబ్దపు ప్యూరిటన్ ప్రార్థనాలయాల్లో దేశంలో మిగిలింది ఇదొక్కటే, ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి. ప్లిమత్‌లో రద్దీ చూసి విసిగితే తిరుగు దారిలో ఇక్కడ ఆగండి.

డక్స్‌బరీలో ఏముంది?

పొలాలు చాలక ప్లిమత్ నుంచి ఖాడీ అవతలికి మొదట కదిలిన కుటుంబాల ఊరు. కాలనీ సేనాని మైల్స్ స్టాండిష్ సమాధి, కొండ మీద 116 అడుగుల ఆయన స్మారక గోపురం, జాన్ ఆల్డెన్ కుటుంబపు ఇల్లు ఉన్నాయి.

లైట్‌హౌసులు చూడదగ్గవేనా?

సిచువిట్ ఊరిది తప్పక చూడండి. 1811 నాటిది, కారు పక్కదాకా వెళుతుంది. 1814లో బ్రిటిష్ పడవలు రేవు వైపు వస్తుంటే కాపలాదారు కూతుళ్లు రెబెకా, అబిగేల్ చాటున దాక్కుని పిల్లనగ్రోవి, డోలు వాయించారట. సైన్యం వస్తోందనుకుని పడవలు వెనుదిరిగాయట. కథ చెప్పింది ముసలితనంలో ఆ అక్కచెల్లెళ్లే. ప్లిమత్ రేవు ముఖాన గర్నెట్ కొస మీద 1768లో దీపాలు పెట్టారు. కాపలాదారు జాన్ థామస్ స్వాతంత్ర్య యుద్ధంలో మశూచితో చనిపోతే భార్య హానా వాటిని వెలిగిస్తూ వచ్చింది. అక్కడికి మామూలు కారులో వెళ్లలేరు, దూరం నుంచి చూడాల్సిందే.

అక్టోబరులో వెళితే ప్రత్యేకంగా చూడాల్సింది ఏమైనా ఉందా?

క్రాన్‌బెర్రీ కోత. కార్వర్, వేర్‌హం వైపు లోపలి రోడ్లు పట్టుకోండి. మడుల్లోకి నీళ్లు వదిలి కాయలను విదిలిస్తారు, అవి తేలి మడంతా ఎర్రగా పరుచుకుంటుంది. మోకాళ్లు దాటే నీళ్లలో నిలబడి వాటిని ఒక మూలకు తోస్తుంటారు. సెప్టెంబరు చివర నుంచి నవంబరు మొదటి రోజుల వరకు కనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్క పచ్చి కాయల సంచి ఒకటి కొనుక్కోండి. మామిడికాయ దొరకని కాలంలో కందిపప్పులో వేసుకోవడానికి దీన్ని మించినది లేదు. పులుపు ఎక్కువ, మొదటిసారి గుప్పెడే వేయండి.